నాలుగు బాక్సులు, ఒక యాంప్: వాట్ల సంగతి తర్వాత, ముందు ఓమ్స్ చూడండి

ప్రశ్న: మేడ మీద గదిలో చిన్న డీజే సెటప్ పెట్టుకుంటున్నాను. లాప్‌టాప్, రెండు డెక్కుల కంట్రోలరు ఉన్నాయి. సెకండ్ హ్యాండ్‌లో రెండు చానెళ్ల యాంప్ తీసుకున్నాను. వెనకాల ‘250 + 250 వాట్లు, 4 ఓమ్స్, మినిమం లోడ్ 4 ఓమ్స్’ అని ఉంది. 12 అంగుళాల స్పీకర్ బాక్సులు రెండున్నాయి. ఒక్కోటి 8 ఓమ్స్, 200 వాట్లు ఆర్‌ఎంఎస్ (అంటే నిలకడగా మోయగలిగే పవర్). పాత హోమ్ థియేటర్‌వి 4 ఓమ్స్ చిన్న స్పీకర్లు ఇంకో రెండున్నాయి. చానెల్‌కి ఒక పెద్దదీ ఒక చిన్నదీ కలిపి పెడితే పది నిమిషాలకే ప్రొటెక్ట్ లైటు వెలిగి సౌండు ఆగిపోయింది. కాసేపు ఆపి ఆన్ చేస్తే మళ్లీ పాడుతోంది. బాక్సు వాట్ల కన్నా యాంప్ వాట్లు తక్కువుంటే ఏ భయమూ లేదని ఫ్రెండ్ అంటున్నాడు, నిజమేనా? నాలుగూ కాలిపోకుండా ఎలా కలపాలి? ఏ వైరు వాడాలి? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీ యాంప్ చాలావరకు బాగానే ఉండి ఉంటుంది. చల్లారాక మళ్లీ పాడుతోందంటే లోపల వేడెక్కి, కాలిపోకముందే తనంతట తాను ఆగిపోయిందన్నమాట. ఇలా పదే పదే జరగనిస్తే మాత్రం ఏదో ఒకరోజు ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు నిజంగానే పోవచ్చు. అందుకని కారణం తెలిసేదాకా నాలుగు స్పీకర్లతో దాన్ని మళ్లీ ఆన్ చేయకండి.

కారణం ఓమ్స్ లెక్కలో ఉంది. ఓమ్స్ అంటే కరెంటుకి స్పీకరు పెట్టే అడ్డు. ఒకే చానెల్ టెర్మినల్స్‌కి రెండు స్పీకర్లు బిగిస్తే అది పారలల్ కనెక్షన్. రెండింటి ఓమ్స్ గుణించి, ఆ రెండింటి మొత్తంతో భాగిస్తే యాంప్ మీద పడే లోడ్ వస్తుంది. మీ లెక్క: 8, 4 గుణిస్తే 32, కూడితే 12. 32ని 12తో భాగిస్తే 2.67 ఓమ్స్. యాంప్ వెనకాలేమో 4కి తగ్గకూడదని రాసి ఉంది. ఓమ్స్ తగ్గిన కొద్దీ కరెంటు ఎక్కువ లాగుతుంది. 4 ఓమ్స్‌కి 250 వాట్లు ఇచ్చేటప్పుడు యాంప్ నుంచి దాదాపు 31.6 వోల్టులు, 7.9 ఆంపియర్లు బయటికొస్తాయి. అదే వోల్టేజి దగ్గర 2.67 ఓమ్స్ లోడ్ దాదాపు 11.9 ఆంపియర్లు లాగుతుంది. అంటే ఒకటిన్నర రెట్లు. పది నిమిషాల్లో వేడెక్కడానికి అది చాలు.

అందులో ఇంకో ప్రమాదం కూడా దాగుంది. పారలల్‌లో రెండు స్పీకర్లకీ ఒకే వోల్టేజి అందుతుంది కాబట్టి ఓమ్స్ తక్కువున్నదే ఎక్కువ పవర్ తీసుకుంటుంది. ఆ 31.6 వోల్టుల దగ్గర మీ 8 ఓమ్స్ పెద్ద బాక్సుకి వెళ్లేది 125 వాట్లయితే, 4 ఓమ్స్ చిన్న స్పీకరుకి వెళ్లేది 250. భారం మోయగలిగినదానికి సగం, మోయలేనిదానికి రెట్టింపు! హోమ్ థియేటర్ స్పీకర్ల కాయిల్ అంత పవర్ కోసం చుట్టింది కాదు. ఆ రోజు ప్రొటెక్ట్ పడకపోయి ఉంటే ముందు కాలేవి అవే.

మరి సిరీస్‌లో, అంటే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి కరెంటు వెళ్లేలా కలిపితే? 8, 4 కలిసి 12 ఓమ్స్ అవుతుంది, యాంప్‌కి ఏ ఇబ్బందీ ఉండదు. కానీ స్పీకరు ఓమ్స్ అనేది స్థిరమైన అంకె కాదు, స్వరం మారితే మారుతుంది. వేర్వేరు రకాల స్పీకర్లని సిరీస్‌లో పెడితే ఒకదాని ఎగుడుదిగుళ్లు రెండోదాని సౌండుని చెడగొడతాయి, బేస్ వదులుగా, మొద్దుగా వస్తుంది. కాబట్టి సూటిగా చెప్తున్నాను: ఆ చిన్న స్పీకర్లని ఈ యాంప్ నుంచి తీసేయండి. వాటికి వాటి హోమ్ థియేటరే సరైన చోటు. చానెల్‌కి ఒక్క 8 ఓమ్స్ బాక్సు చొప్పున పెట్టండి. మీ యాంప్ 8 ఓమ్స్‌కి సుమారు 125 నుంచి 150 వాట్లు ఇస్తుంది. బాక్సు 200 వాట్లది. ఇది మంచి జోడీ.

ముందు ముందు ఇంకో జత బాక్సులు కొనాలనిపిస్తే 8 ఓమ్స్‌వే తీసుకోండి. 8కి 8 పారలల్ అయితే 4 ఓమ్స్, మీ యాంప్ హద్దు సరిగ్గా అక్కడే ఉంది. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. బాక్సు వెనకాల రెండు జాకులుంటాయి, ఒకటి ఇన్‌పుట్, రెండోది లింక్. మొదటి బాక్సు లింక్ నుంచి రెండో బాక్సుకి వైరు లాగితే చూడటానికి ఒకదాని తర్వాత ఒకటి ఉన్నట్టుంటుంది కాబట్టి అది సిరీస్ అనుకుంటారు. కాదు, లోపల ఆ రెండు జాకులూ పారలల్‌గానే కలిసి ఉంటాయి. అలా మూడో బాక్సు తగిలించారంటే 2.67కి వచ్చేసినట్టే.

‘రెండు బాక్సులే అయితే సౌండు చాలదేమో’ అన్న అనుమానం వద్దు. ఇలాంటి 12 అంగుళాల బాక్సు ఒక్క వాటుకి మీటరు దూరంలో దాదాపు 95 డెసిబెల్స్ ఇస్తుంది. పది వాట్లకి 105. ఇంటి గదిలో అది చెవులు గింగుర్లెత్తే సౌండు. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, చెవికి కాస్త పెరిగినట్టనిపిస్తుంది అంతే. రోజూ ప్రాక్టీసు చేసేవాళ్లు 85 డెసిబెల్స్ దాటకుండా చూసుకుంటే చెవులకి మంచిది. మేడ మీద కాబట్టి చుట్టుపక్కల ఇళ్లకీ వినిపిస్తుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రిపూట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పాటలు మిక్స్ చేయడం అలవాటు చేసుకోండి.

ఇక మీ ఫ్రెండ్ మాట. సగం నిజం, ఆ మిగతా సగంలోనే ట్వీటర్లు (బాక్సులో పై స్వరాలు పాడే చిన్న స్పీకర్లు) కాలిపోతుంటాయి. యాంప్ తన శక్తి మేరకే ఇస్తున్నంతసేపు చిన్న యాంప్ వల్ల పెద్ద బాక్సుకి ఏమీ కాదు. కానీ సౌండు చాలట్లేదని వాల్యూమ్ ఇంకా పెంచితే యాంప్ ఇవ్వగలిగే వోల్టేజి అయిపోయి, తరంగం పైనా కిందా కత్తిరించినట్టు చదునవుతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. పూర్తిగా చదునైన తరంగంలో సగటు పవర్ మామూలు తరంగానికి రెట్టింపు ఉంటుంది. 125 వాట్ల యాంప్ కూడా 250 దాకా తోసేయగలదు. పైగా బేస్ అప్పటికే హద్దుకి తగిలి ఆగిపోయి ఉంటుంది కాబట్టి, వాల్యూమ్ పెంచినప్పుడు పెరిగేది పై స్వరాలే, అవి నేరుగా ట్వీటర్‌కి వెళ్తాయి. బాక్సు మీద రాసిన 200 వాట్లలో ట్వీటర్ మోసే వాటా చాలా చిన్నది. వెంట్రుకంత సన్నని కాయిల్ అది, కొన్ని క్షణాల్లో తెగిపోతుంది. అందుకే యాంప్ చిన్నదా పెద్దదా అన్నదాని కన్నా క్లిప్ లైటు వెలుగుతోందా లేదా అన్నది ముఖ్యం.

డీజేకి ఈ బాధ ఇంకాస్త ఎక్కువ. ఒక పాట నుంచి ఇంకో పాటకి మారేటప్పుడు రెండు డెక్కుల బేస్ నాబ్‌లూ తెరిచే ఉంటే రెండు పాటల కిక్ డ్రమ్ము దెబ్బలూ ఒకే బీటు మీద పడి, మాస్టర్ లెవెల్ ఆరు డెసిబెల్స్ దాకా ఎగురుతుంది. వచ్చే పాట బేస్ తగ్గించి పెట్టి, పాత పాట బేస్ తీసేస్తూ దీన్ని తెరవండి. ఇది వినడానికీ బాగుంటుంది, యాంప్‌కీ మంచిది.

వైరు విషయానికొద్దాం. ఎలక్ట్రికల్ షాపులో ‘23/76, 40/76, 70/76’ అని అంటుంటారు. మొదటి అంకె లోపలున్న పోగుల సంఖ్య, రెండోది పోగు మందం. 40/76 సుమారు 1.2 స్క్వేర్ ఎంఎం, 70/76 సుమారు 2 స్క్వేర్ ఎంఎం. మీ గదిలో ఒక్కో వైపు ఐదారు మీటర్లే కాబట్టి 40/76 సరిపోతుంది. పది మీటర్లయినా, రేపు 4 ఓమ్స్ లోడ్ పెట్టాలన్నా 70/76 గానీ 2.5 స్క్వేర్ ఎంఎం గానీ తీసుకోండి. కాలింగ్ బెల్‌కి వాడే సన్న వైరు వద్దు. 0.5 స్క్వేర్ ఎంఎం వైరు పది మీటర్లు లాగితే వెళ్లి రావడానికి 0.78 ఓమ్స్ వైరుదే అవుతుంది. 4 ఓమ్స్ లోడ్‌కి వెళ్లాల్సిన పవర్‌లో ఆరో వంతు వైరులోనే వేడిగా పోతుంది. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు కూడా చవగ్గా దొరుకుతుంది. చేతికి తేలిగ్గా ఉంటుంది, బ్లేడుతో పోగు గీస్తే లోపల తెల్లగా కనిపిస్తుంది. అదే కొనాల్సి వస్తే ఒక సైజు పెద్దది తీసుకోండి. మైకు, గిటారు కేబుళ్లు స్పీకర్లకి వాడొద్దు, వాటిలో తీగ సన్నం.

కొనేటప్పుడు రెండు తీగలకీ తేడా తెలిసేలా గుర్తున్న వైరు చూసుకోండి. ఎరుపు నలుపు అయినా సరే, పారదర్శకంగా ఉండి ఒకటి రాగి రంగు, ఒకటి వెండి రంగు అయినా సరే. రెండు బాక్సులకీ ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే వెళ్లాలి. ఒక్క బాక్సుకి తిరగబడితే ఏదీ కాలదు గానీ, ఒక కోన్ ముందుకొస్తుంటే ఇంకోటి వెనక్కి పోయి బేస్ మాయమైపోతుంది. పాత బాక్సు మీద గుర్తులు చెరిగిపోతే 1.5 వోల్టుల పెన్ను బ్యాటరీ తీసుకుని, యాంప్ నుంచి ఊడదీసిన ఆ బాక్సు టెర్మినల్స్‌కి ఒక్క క్షణం తాకించండి. వూఫర్ (బేస్ పాడే పెద్ద స్పీకరు) కోన్ బయటికి పొంగితే బ్యాటరీ ప్లస్ తాకించిన టెర్మినలే ఎరుపు.

ఇప్పుడు వైరు చివరలు. మిగతా పనంతా ఐదు నిమిషాల్లో చేసినా దీనికి మాత్రం సమయం తీసుకోండి, ఎందుకంటే ఇళ్లలో పోయే యాంప్‌లలో చాలావాటి చావు ఇక్కడే రాసిపెట్టి ఉంటుంది. 10 నుంచి 12 మిల్లీమీటర్లు మాత్రమే తోలు తీయండి. పోగులు తెగకుండా తీయాలి, బ్లేడు కన్నా వైర్ స్ట్రిప్పర్ మేలు. పోగులన్నీ ఒకే వైపుకి గట్టిగా పురి పెట్టండి. టెర్మినల్‌లో పెట్టి బిగించాక టార్చి లైటు పట్టుకుని దగ్గరగా చూడండి: ఎరుపు వైపు నుంచి తప్పించుకున్న ఒక్క పోగు, చీమ కాలంత సన్నంగా, పక్కనున్న నలుపు టెర్మినల్ వైపు వంగి ఉందేమో. అది తాకనంతసేపు అంతా బాగానే పాడుతుంది. ఏ బేస్ దెబ్బకో టేబుల్ అదిరి అది తాకిందంటే షార్ట్. అందుకే యాంప్ దగ్గర బనానా ప్లగ్గులు గానీ, వైరు చివర క్రింప్ చేసే లగ్గులు గానీ వాడితే నిశ్చింత. స్క్రూ కింద బిగించే చివరని సోల్డర్ చేయకండి. సీసం మెత్తటిది, కొన్నాళ్లకి అణిగిపోయి స్క్రూ వదులవుతుంది.

బాక్సుకి స్పీకాన్ సాకెట్ (తిప్పితే లాక్ పడే స్పీకరు ప్లగ్గుది) ఉంటే అదృష్టం. 1+ కి ఎరుపు, 1- కి నలుపు వేసి, లోపలికి తోసి తిప్పితే లాక్ పడుతుంది. 6.35 ఎంఎం జాక్ ఉంటే మాత్రం యాంప్ ఆన్‌లో ఉండగా పెట్టడం, లాగడం చేయొద్దు, ఆ జాక్ లోపలికి వెళ్లేటప్పుడు ఒక క్షణం ప్లస్, మైనస్ తాకొచ్చు. ఇక స్పీకరు వైరుకి ఇంటి కరెంటు రెండు పిన్నుల ప్లగ్గు బిగించే అలవాటు కొందరికి ఉంది. దయచేసి అది చేయకండి. ఇంట్లో చిన్నపిల్లలెవరైనా ఆ ప్లగ్గు తీసుకెళ్లి గోడ సాకెట్‌లో పెడితే 230 వోల్టులు నేరుగా బాక్సులోకి గానీ, యాంప్ టెర్మినల్స్‌లోకి గానీ వచ్చేస్తాయి.

అన్నీ బిగించాక, యాంప్‌కి తగిలించే ముందు మల్టీమీటరుతో రెండు కొలతలు. సాదా మీటరు మూడు, నాలుగు వందల్లో వస్తుంది, ఈ పనికి అది చాలు. మొదటిది, మీటరుని 200 ఓమ్స్ రేంజిలో పెట్టి, యాంప్ వైపు రావాల్సిన వైరు చివర కొలవండి. 8 ఓమ్స్ బాక్సుకి 5.5 నుంచి 7 మధ్య చూపిస్తే అంతా సవ్యం, 8 చూపించదు, కంగారు పడకండి. 1 లోపు చూపిస్తే ఎక్కడో షార్ట్ ఉంది. అసలేమీ చూపించకపోతే వైరైనా తెగింది, కాయిలైనా పోయింది. రెండో కొలత మీది సెకండ్ హ్యాండ్ యాంప్ కాబట్టి తప్పనిసరి. స్పీకర్లేవీ తగిలించకుండా, వాల్యూమ్ సున్నాలో పెట్టి యాంప్ ఆన్ చేసి, లోపల రిలే టక్‌మన్నాక ఒక్కో చానెల్ ఎరుపు, నలుపు మధ్య డీసీ వోల్టేజి చూడండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే మంచిదే. వోల్టుల్లో చూపిస్తే యాంప్ లోపల లోపం ఉన్నట్టు, ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయి ఉండొచ్చు. అలాంటి చానెల్‌కి బాక్సు తగిలిస్తే కాయిల్ కాలిన వాసన రావడానికి ఎంతోసేపు పట్టదు. కొలిచేటప్పుడు ఎరుపు నలుపు మధ్యే కొలవండి, డబ్బా రేకుకి కాదు. కొన్ని క్లాస్-డి యాంప్‌లలో నలుపు టెర్మినల్ కూడా గ్రౌండ్ కాదు. అందుకే రెండు చానెళ్ల నలుపు వైర్లని కలిపేసి మూడు తీగలతో పని కానివ్వాలని చూడొద్దు.

వెనకాల బ్రిడ్జ్ స్విచ్ (రెండు చానెళ్ల పవర్ ఒకే బాక్సుకి ఇచ్చేలా మార్చేది) ఉంటే స్టీరియోలోనే ఉంచండి. బ్రిడ్జ్‌లో ఒక్కో చానెల్‌కి సగం ఓమ్సే కనిపిస్తాయి, మీ యాంప్‌కి అక్కడ 8 ఓమ్స్‌కి తగ్గకూడదు. స్టీరియోలో ఉండగా రెండు చానెళ్ల ఔట్‌పుట్‌లు ఒకదాంతో ఒకటి కలిపి ఒకే బాక్సుకి ఇవ్వడం ఎప్పుడూ కూడదు. గుళ్లల్లో వాడే అహూజా తరహా మైక్‌సెట్ యాంప్ ఎవరైనా ఇస్తామంటే కూడా ఒకటి చూసుకోండి. దాని వెనకాల 4, 8, 16 ఓమ్స్ టెర్మినల్స్‌తోపాటు 100 వోల్టుల లైను కూడా ఉంటుంది. అది హారన్లకి ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా ఇచ్చేది. మామూలు 8 ఓమ్స్ బాక్సుని దానికి బిగిస్తే లెక్క ప్రకారం 1250 వాట్ల లోడ్ పడినట్టే.

కంట్రోలరు మాస్టర్ ఔట్ నుంచి యాంప్ ఇన్‌పుట్‌కి రెండు ఆర్‌సీఏ కేబుళ్లు వేయండి. యాంప్‌కి 6.35 ఎంఎం ఇన్‌పుట్‌లుంటే ఒక చివర ఆర్‌సీఏ, ఇంకో చివర మోనో జాక్ ఉన్న కేబుల్ అడగండి. హెడ్‌ఫోన్ ఔట్ వాడితే క్యూలో (మీరొక్కరే ముందుగా) వింటున్న పాట బయటికి పోతుంది. ఈ సన్న కేబుళ్లు కరెంటు వైర్ల పక్కనే పొడవునా పడి ఉండకుండా చూసుకోండి.

యాంప్‌కి మూడు పిన్నుల ప్లగ్గే ఉండాలి, ఎర్త్ నిజంగా పనిచేస్తున్న సాకెట్‌లోనే పెట్టాలి. 6 ఆంపియర్ల సాకెట్ నుంచి 1380 వాట్లు తీసుకోవచ్చు, ఇంట్లో వాడకానికి మీ యాంప్‌కి చాలు. అదే ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఇస్త్రీ పెట్టె, కూలర్ పెట్టొద్దు. ఆన్ చేయగానే గూఁ అని సన్నగా మోగితే చాలామంది ఎర్త్ పిన్ను విరిచేస్తారు. మోత ఆగుతుంది, కానీ లోపల ఏదైనా తగిలితే డబ్బా రేకే షాక్ కొడుతుంది. దాని బదులు లాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి. మోత ఆగిపోతే దోషం చార్జర్ దారిది, ఆర్‌సీఏ లైనులో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెడితే పోతుంది. యాంప్ ఫ్యూజు పోతే అదే ఆంపియర్ల ఫ్యూజే వేయండి, రాగి తీగ చుట్టకండి.

ఇక లెవెల్ పెట్టడం. బాక్సులు ఊడదీసి, యాంప్ నాబ్ సున్నాలో ఉంచి, కంట్రోలరులో బేస్ బాగా ఉన్న పాట పెట్టండి. చానెల్ ట్రిమ్‌ని (ఆ డెక్కు ఇన్‌పుట్ లెవెల్ నాబ్‌ని) పసుపు లైటు అప్పుడప్పుడు వెలిగేలా, ఎరుపు అసలు వెలగకుండా పెట్టి, మాస్టర్‌ని మీరు ఎప్పటికీ దాటనంత పైకి పెంచండి. ఇప్పుడు యాంప్ నాబ్ మెల్లగా తిప్పుతూ క్లిప్ లైటు మిణుకుమనే చోటు కనిపెట్టి, అక్కడి నుంచి రెండు గీతలు వెనక్కి వచ్చి స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టండి. ట్రాన్సిస్టర్ యాంప్‌లకి లోడ్ లేకుండా ఇలా చూడటం ప్రమాదం కాదు, వాల్వ్ యాంప్‌కి మాత్రం చేయకూడదు. ఆ గుర్తు దాటి ఎవరినీ తిప్పనివ్వకండి. నాబ్ సగంలో ఉంటే సగం పవరే వెళ్తోందన్న లెక్క తప్పు, అది ఇన్‌పుట్ ఎంత తీసుకోవాలో చెప్పే నాబ్ మాత్రమే. కంట్రోలరు గట్టిగా ఇస్తుంటే సగంలోనే యాంప్ హద్దుకి చేరిపోతుంది.

ఆన్ చేసేటప్పుడు లాప్‌టాప్, కంట్రోలరు ముందు, యాంప్ చివర. ఆపేటప్పుడు యాంప్ ముందు. ఈ వరస తప్పితే కంట్రోలరు ఆన్ అయినప్పుడొచ్చే ‘ధబ్’ అన్న శబ్దం పెద్దదై నేరుగా వూఫర్‌కి తగులుతుంది. యాంప్ పైనా పక్కలా కనీసం నాలుగు అంగుళాల ఖాళీ వదలండి, దుమ్ము పడకుండా గుడ్డ కప్పాలంటే యాంప్ ఆఫ్ చేశాకే.

ప్రొటెక్ట్ లైటు మళ్లీ వస్తే ఇలా చేయండి. ఆపి, బాక్సులన్నీ ఊడదీసి, ఒట్టి యాంప్ ఆన్ చేయండి. అప్పుడూ వెలుగుతుంటే లోపం లోపలిది, మెకానిక్ దగ్గరికి పంపాలి. వెలగకపోతే ప్రతిసారీ ఆపి ఒక్కో బాక్సు తగిలిస్తూ రండి, ఏది తగిలించాక వెలిగిందో ఆ బాక్సు లేదా దాని వైరే దోషి. ఆన్ చేయగానే కాకుండా అరగంటకి వస్తే అది వేడి. గాలి దారులు, ఫ్యాను చూడండి.

ఈ కొత్త కనెక్షన్‌తో మొదటి రోజు మామూలు వాల్యూమ్‌లో అరగంట పాడించి, యాంప్ ఆపేసి, ప్లగ్గు తీసి, వెనకాల నాలుగు టెర్మినల్స్ మీదా వేలు పెట్టి చూడండి. గది వేడి కన్నా ఏదైనా ఒక్కటి వెచ్చగా తగిలితే ఆ స్క్రూ వదులుగా ఉన్నట్టు. దాన్ని ఊడదీసి, చివర కత్తిరించి, కొత్తగా తోలు తీసి మళ్లీ బిగించండి.